నోటీసిచ్చి తాళం వేసేయొచ్చా?

ప్రశ్న: నెలకు 14 వేల అద్దెకు ఉంటున్నాం. రాసుకున్న కాగితమేమీ లేదు. ఖాళీ చేయమని ఓనరు ఒకటే పోరు. మొన్నటి నుంచి మోటారు వేయడం మానేశారు. కరెంటూ తీయిస్తారట. ఊరెళ్లొచ్చేసరికి తాళం మారుస్తారేమోనని భయం.
- ఓ గృహిణి, హైదరాబాద్

జవాబు: కాగితం లేకున్నా, నెలనెలా అద్దె పుచ్చుకున్నాక మీరు అద్దెదారు కాదనడం ఆయన తరం కాదు. ఇల్లు తిరిగి అడిగే హక్కు ఆయనకుంది, అదీ నిజమే. కానీ ఖాళీ చేయించాల్సింది కోర్టు. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దెకు 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. గడువు దాటినా మీరు కదలకపోతే ఆయన దావా వేసుకోవాలి తప్ప తాళం వేయకూడదు.

రెంట్ కంట్రోల్ కోర్టుకు వెళ్లమని సలహాలొస్తాయి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కార్పొరేషన్ల పరిధిలో అద్దె 3,500 రూపాయలు దాటితే వర్తించదు. ఆ అద్దెకు హైదరాబాద్‌లో ఇల్లెక్కడుందో శాసనకర్తలే చూపించాలి! మీకు దిక్కు సివిల్ కోర్టే. నీళ్లు ఆపకుండా, బలవంతంగా గెంటేయకుండా ఇంజంక్షన్ అడగండి. తాళం మార్చేస్తే నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఇల్లెవరిదన్న ప్రశ్న అక్కడ రాదు.

కరెంటు కనీస అవసరమని, ఓనరు అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న సాకుతో అద్దెదారుకు దాన్ని కాదనకూడదని 2022లో దిలీప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక్కటి మాత్రం మరవొద్దు. కోపంతో అద్దె ఆపకండి. చాలామంది కేసు పాడయ్యేది అక్కడే. చేతికిస్తే తీసుకోకపోతే ఆయన ఖాతాకు పంపండి. నీళ్లు రాని రోజు వీడియో తీసి, వాట్సాప్‌లో ఆయనకు రాయండి. సామాను బయట పడేసినా, ఇంట్లోకి చొరబడి బెదిరించినా అది నేరమే. ‘సివిల్ గొడవ’ అని స్టేషన్లో పంపేయబోతే రాతపూర్వక ఫిర్యాదిచ్చి రసీదు అడగండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

ప్రశ్న: ఖాళీ చేశాం. రంగులకు సరిపోయిందంటూ అడ్వాన్సు మొత్తం ఉంచేసుకున్నారు.
- ఓ ఉద్యోగి, వరంగల్

జవాబు: వాడకంలో వెలిసిన గోడకు మీరు బాధ్యులు కారు, పగలగొట్టిన సింకుకైతే అవుతారు. ముందు లాయరు నోటీసు పంపండి. అప్పటికీ తేలకపోతే డబ్బు కోసం దావా వేయాలి. దానికి గడువు మూడేళ్లు.