పాఠం చెప్పే యంత్రం, వినవలసిన చెవి

విద్యాబోధనలో యంత్రసాధనాల గురించి మాట్లాడుకోవడం మన ప్రాంగణానికి కొత్త కాదు. తార్నాక నుంచి వచ్చే విశ్వవిద్యాలయం రోడ్డు మీద పక్కపక్కనే ఉన్న రెండు సంస్థల్లోనూ, అంటే ఉస్మానియాలోనూ ఇప్పుడు ఇఫ్లూ అంటున్న అప్పటి సీఫెల్‌లోనూ, టెలివిజన్ పాఠాలు తయారుచేసే కేంద్రాలు 1980లలోనే ఏర్పడ్డాయి. ఆనాటి కెమెరాలు పోయి ఈనాడు ప్రతి విద్యార్థి జేబులోకి ఒక తెర వచ్చింది. అయినా ఒక చిన్న ప్రశ్న మిగిలే ఉంది. యంత్రం పిల్లవాడికి చెప్పగలదు సరే, పిల్లవాడు చెప్పేది ఎవరు వింటారు? బోధన, విద్యార్థి క్షేమం రెండూ ఈ ప్రశ్న దగ్గరే కలుసుకుంటాయి. మన కళ్ళముందు జరిగిన కొన్ని ప్రయోగాలను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

ఉపగ్రహం నుంచి పల్లెకు

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఒక్క ఏడాది, మన దేశంలో ఉపగ్రహం ద్వారా విద్యాబోధన ప్రయోగం జరిగింది. దీన్నే పొట్టిగా ‘సైట్’ అన్నారు. ఉపగ్రహం అమెరికా వారి ఏటీఎస్-6. కార్యక్రమాలు మనవి. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టీవీ సెట్లు అందాయి. అందులో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తయారైన మూడు కేంద్రాలు ఢిల్లీ, కటక్, హైదరాబాద్. విశేషమేమంటే హైదరాబాద్ నగరంలో దూరదర్శన్ ప్రసారాలు 1977లో గాని మొదలు కాలేదు. అంటే పట్నం కంటే ముందు పల్లె టీవీ చూసిందన్నమాట! కోళ్ళ గూళ్ళకు వాడే జాలీ వంటి తీగవలతో చేసిన పది అడుగుల యాంటెన్నా ఆకాశం నుంచి బొమ్మను నేరుగా బడిలోకి దింపింది.

ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. మరి ఫలితం? పిల్లల భాష మెరుగైంది, కొత్త సంగతులు తెలుసుకోవాలనే ఆసక్తి పెరిగింది. కానీ బడిలో చేరేవారి సంఖ్య మీద, హాజరు మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. పశువులు కాయడానికో, చంటిబిడ్డను ఆడించడానికో ఇంట్లో ఆగిపోయిన పిల్ల ఎందుకు రాలేదో ఆ పెట్టె అడగలేదు కదా!

అదే ప్రయోగంలో ఇంకో భాగం ఉంది. సుమారు 50,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. అక్కడ టీవీని ఒంటరిగా వదిలిపెట్టలేదు. రేడియో, అచ్చు పుస్తకాలు, చేతులతో చేసి చూసే ప్రయోగాలు, సందేహం తీర్చడానికి ఎదురుగా ఒక మనిషి, ఇవన్నీ జతచేశారు. తెర పక్కన మనిషిని నిలబెట్టడం అనే ఆలోచన అప్పుడే మనకు ఉందని మరవకూడదు.

పాఠం చేరింది, ప్రశ్న చేరలేదు

1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్ వారి ‘దేశవ్యాప్త తరగతి గది’ దూరదర్శన్‌లో మొదలైంది. చిన్న ఊళ్ళ కాలేజీ విద్యార్థికి పెద్ద ఆచార్యుల పాఠం అందింది. అది గొప్ప మేలే. అయితే నడిమధ్యలో అర్థం కాకపోతే చెయ్యెత్తడానికి వీలులేదు. ఈ లోటును మన రాష్ట్రం ముందే గుర్తించింది. 1982లో హైదరాబాద్ కేంద్రంగా వచ్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలోనే మొదటిది, రేడియో పాఠాలతోబాటు అధ్యయన కేంద్రాలను కూడా నడిపింది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ళు అక్కడికి వచ్చి, ఎదురుగా కూర్చుని అడిగి తెలుసుకునేవారు.

కోవిడ్ కాలంలో మళ్ళీ అదే పరీక్ష ఎదురైంది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ఇచ్చారు. ఇంట్లో ఒక్కటే ఫోను ఉండి, అది కూలికి పోయే తండ్రి జేబులో ఉంటే పాఠం ఎవరికి? ఆ రోజుల్లో పిల్లల ఇండ్లకు పోయి, ఫోన్లు చేసి, “చూసినవా? ఏం సమజ్ కాలేదు?” అని అడిగిన సార్లు, టీచర్లు ఉన్నారే, బోధనను నిలబెట్టింది వారు.

యంత్రం తప్పితే?

చెవి లేని యంత్రం ఎంత అపాయమో 2019 ఏప్రిల్‌లో చూశాం. తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాల్లో కంప్యూటర్ ప్రక్రియలో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయికి సున్నా పడింది. ఫలితాల తరువాతి రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కొక్కరి బాధ వెనుక ఏమేమి ఉన్నాయో ఒకే మాటలో తేల్చలేం. ఫెయిలైనవారి జవాబు పత్రాలు ఉచితంగా తిరిగి పరిశీలించాలని ప్రభుత్వం ఆ తరువాత నిర్ణయించింది. ఆ అవకాశం, “ఇది తుది మాట కాదు, మళ్ళీ చూస్తాం” అనే ఒక్క ధైర్యం, మార్కులతో పాటే తెర మీదకు వచ్చి ఉండవలసింది.

వినే సాధనాలూ ఇప్పుడున్నాయి. 2022 అక్టోబరు 10న టెలి-మానస్ మొదలైంది. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలి. సహాయ ఫోను నంబర్లు హాస్టళ్ళలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

మనం చేయదగినవి

వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. తెర మీద పాఠం ఎంతసేపు నడిచినా చివరి పది నిమిషాలు ప్రశ్నలకు వదలాలి. నోరు తెరిచి అడగలేనివారు చీటీ రాసి పెట్టెలో వేయవచ్చు. కంప్యూటర్‌లో హాజరు వేస్తున్నాం. ఒక విద్యార్థి వరుసగా మూడు రోజులు రాకపోతే ఆ లెక్కను జరిమానాకు గాక ఒక ఫోనుకు వాడాలి: “ఏమైంది తమ్మీ, పాణం మంచిగున్నదా?” ఫలితాలు వచ్చే రోజున కాలేజీ ఆఫీసులో పొద్దుపోయేదాకా ఒకరు కూర్చోవాలి. కౌన్సెలర్‌తో చెప్పుకున్న మాట ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కకూడదు. 14416 ప్రతి హాస్టల్ మెస్ గోడ మీదా కనబడాలి.

సోదర విద్యార్థులారా! మనలో చాలామంది రేపు ఏదో ఒక బడిలో, కాలేజీలో బల్ల ముందు నిలబడబోయేవాళ్ళమే. రేపటి యంత్రం ఇంకా తెలివైనది కావచ్చు, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పవచ్చు. కానీ వెనుక బెంచీలో కూర్చుని ఏమీ అడగని పిల్లవాడు ఒకడుంటాడు. వాడి దగ్గరికి లేచి నడిచి పోవలసింది మనమే.