వేలిపై సిరా, అడవిలో వదంతి

ఎన్నికలలో పరశక్తుల జోక్యం అనగానే సముద్రాల కావలి రాజధానులు స్ఫురించడం సహజం. అభ్యర్థులు విదేశీ విరాళాలు స్వీకరించరాదని మన చట్టం నిషేధించింది కూడా. కాని బస్తర్ అడవులలోని ఓటరుకు పరశక్తి అంటే ఊరి పొలిమేర దాటి వచ్చిన ప్రతి బెదిరింపూ, ప్రతి వదంతీ.

1952లో ముచాకీ కోసా అనే ఆదివాసీని స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు పంపిన ప్రాంతమిది. శబరీ తీరాన కోంటాలోను, భోపాలపట్నంలోను తెలుగు వినిపిస్తుంది. లోపలికి సాగినకొద్దీ గోండీ, హల్బీ, దోర్లీ.

దొంగ ఓటును అరికట్టడానికి 1962 నుండి వాడుకలోనికి వచ్చిన మైసూరు సిరాలో సిల్వర్ నైట్రేటు ఉంటుంది. చర్మంతో కలిసి అది నల్లని మచ్చగా మారి, కొన్ని వారాలపాటు చెరగదు. ఓటరుకు రక్షణగా ఉద్దేశించిన ఆ మచ్చయే ఇక్కడ ప్రాణభయానికి కారణమయింది. మావోయిస్టులు ఎన్నికల బహిష్కరణకు పిలుపునిచ్చిన రోజులలో, మచ్చ ఉన్న వేలిని నరుకుతారన్న మాట ఊరూరా పాకింది. 2018 శాసనసభ ఎన్నికలలో కొందరు గ్రామస్థులు తమకు సిరా పూయవద్దని కోరారు. ఆ భయాన్ని పిరికితనమనడం దూరాన ఉన్నవారికి సులభం. మరుసటి ఏప్రిల్ 9న, పోలింగుకు రెండు రోజుల ముందు, దంతెవాడ శాసనసభ్యుడు భీమా మండావి మందుపాతరకు బలి అయ్యారు.

ఎన్నికల కరపత్రంపై ముద్రాపకుని, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఏ సెక్షను చెబుతుంది. నోటిమాటకు చిరునామా ఏది? 2024లో ఎన్నికల సంఘం అపోహలకు సమాధానాలిచ్చే వెబ్‌సైటు ప్రారంభించింది. మంచిదే; కాని చదువు రాని గోండీ వృద్ధురాలికి దాని వల్ల ఒరిగేది స్వల్పం. ఆమెకు ఆమె భాషలోనే, తెలిసిన గొంతు చెప్పాలి. ఫోనులో మాట్లాడి వార్త నమోదు చేసే సీజీనెట్ స్వర 2010 నుండి ఆ మార్గాన్ని చూపింది.

కేంద్రం దూరమైనకొద్దీ వదంతికి వ్యవధి లభిస్తుంది. 2023లో బస్తర్ ప్రాంతపు పల్లెలలో 126 కొత్త పోలింగు కేంద్రాలు వెలిశాయి, నడక తగ్గింది. అయితే మరొక చిక్కు మిగిలింది. బ్యాలెట్ పత్రాల కాలంలో అవసరమైన చోట పలు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే వీలుండేది. యంత్రాల లెక్క కేంద్రాల వారీగా వెలువడుతుంది. వ్యక్తి ఓటు రహస్యమే. చిన్న పల్లె మొగ్గు మాత్రం అడవికంతటికీ తెలిసిపోతుంది.