రాళ్లవాన ఎలా పుడుతుంది? వేసవి పంటలకు ముందుజాగ్రత్తలు

ఎండలు మండిపోయే మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే ఆకాశం నుంచి మంచురాళ్లు పడటం చిత్రంగా తోస్తుంది. కానీ దీనికి కారణం ఆ ఎండలోనే ఉంది. ఈ సంగతి తెలిస్తే ఏ వేళకు జాగ్రత్త పడాలో రైతు సోదరులు ముందే అంచనా వేసుకోవచ్చు.

చైతన్యపురి పక్కన కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉండేది. 2021-22లో దాన్ని బాటసింగారానికి తరలించారు. అక్కడికి మామిడి తోలుకొచ్చిన రైతులకు రాళ్లవాన దెబ్బ ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. రాయి తగిలిన కాయ చెట్టు మీద బాగానే కనిపిస్తుంది. కోసి పెట్టెలో పెట్టాక దెబ్బ తగిలిన చోట నల్లబడి కుళ్లుతుంది, పక్క కాయలనూ చెడగొడుతుంది. ధర పడిపోతుంది.

2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో నేలంతా తెల్లగా పరుచుకునేలా రాళ్లు పడ్డాయి. ఆ రోజుల్లో కురిసిన వానలకు తెలంగాణలో 2 లక్షల 28 వేల ఎకరాలకు పైగా పంట దెబ్బతిన్నదని ప్రభుత్వం ప్రకటించింది. అందులో సగానికి పైగా మొక్కజొన్నే. తర్వాత వరి, మామిడి.

మబ్బులో మంచు ఎలా తోడుకుంటుంది?

ఎండకు నేల కాగి, దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ దీనికి తోడైతే మబ్బు కొండలా పెరుగుతుంది. మన ప్రాంతంలో వేసవిలో సుమారు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తే చలి సున్నా డిగ్రీలకు చేరుతుంది. పెద్ద ఉరుముల మబ్బు అంతకు రెండు మూడు రెట్ల ఎత్తుకు పోతుంది.

సున్నా దాటగానే నీరంతా గడ్డకడుతుందని అనుకుంటాం. మబ్బులో అలా జరగదు. అక్కడి నీటి తుంపరలు ఎంతో సన్నవి. సున్నా కింద 10, 20 డిగ్రీల చలిలోనూ అవి నీళ్లుగానే ఉంటాయి. కాగిన పాలు తోడు వేయకుండా పెరుగు కానట్టే, ఈ తుంపరలకూ ఒక తోడు కావాలి. గాలికి లేచిన మట్టి దుమ్ము, ఆకుల మీద ఉండే కొన్ని రకాల బాక్టీరియా ఆ పని చేస్తాయి. అలాంటి రేణువు తగిలితే తుంపర గడ్డకట్టి మంచు పలుకు అవుతుంది. తోడు ఏదీ దొరకకపోతే సుమారు సున్నా కింద 38 డిగ్రీల దాకా నీళ్లుగానే ఉండి, అప్పుడు తనంత తానే గడ్డకడుతుంది.

మంచు పలుకు పుట్టాక పక్కనున్న తుంపరల తేమను లాక్కుని పెరుగుతుంది. బరువెక్కి కిందికి జారుతూ, తగిలిన తుంపరలను తన మీద గడ్డకట్టించుకుంటుంది. అదే చిన్న మంచు ఉండ. మామూలుగా ఇది దారిలో కరిగి పెద్ద చినుకుగా పడుతుంది. పైకి లేచే గాలి బలంగా ఉంటే ఉండను కింద పడనివ్వదు. అది పైనే తిరుగుతూ పొర మీద పొర కట్టుకుంటుంది. పెద్ద వడగల్లును పగలగొట్టి చూడండి, ఉల్లిగడ్డలా పొరలు కనిపిస్తాయి. గాలి ఇక మోయలేనంత బరువైనప్పుడు రాయి నేలకు దూకుతుంది.

వానాకాలంలో తేమ ఎక్కువే అయినా పైకి లేచే గాలికి అంత జోరు ఉండదు. చిన్న ఉండలు దారిలోనే కరిగిపోతాయి. అందుకే రాళ్లవాన వేసవిలో, అదీ మధ్యాహ్నం దాటి సాయంత్రం వేళ ఎక్కువ.

పిడుగుకూ మంచే మూలం

మబ్బులో మంచు ఉండలు, తేలికైన మంచు పలుకులు ఒకదానికొకటి తగిలి విద్యుత్తు పుడుతుంది. పలుకులు పైకి, ఉండలు కిందికి చేరడంతో మబ్బు రెండు భాగాలై పిడుగు పడుతుంది. కనుక రాళ్లు పడే మబ్బు పిడుగుల మబ్బు కూడా.

వాతావరణం మీద ప్రభావం

ఉరుముల మబ్బు తల పైన కమ్మరి దాగలిలా పరుచుకుంటుంది. అదంతా మంచు పలుకులే. మందంగా ఉన్నప్పుడు ఎండను వెనక్కి తిప్పి నేలను చల్లబరుస్తుంది. పల్చబడ్డాక ఎండను రానిచ్చి, నేల వేడిని మాత్రం కంబళిలా ఆపుతుంది. ఇంత ఎత్తులోని మబ్బులను, దుమ్మును తెలుసుకోవడానికే తిరుపతి దగ్గరి గాదంకి నుంచి, హైదరాబాద్‌లోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 2014 తర్వాత మన శాస్త్రజ్ఞులు, అమెరికా నాసా వారు కలిసి బెలూన్లు ఎగరేశారు. భూమి వేడెక్కే కొద్దీ సున్నా డిగ్రీల ఎత్తు పైకి జరుగుతుంది. చిన్న రాళ్లు కరిగిపోయినా, పెద్ద రాళ్ల ముప్పు పెరగవచ్చని శాస్త్రజ్ఞుల అంచనా.

రైతులు ఏం చేయాలి?

రాళ్లవానను ఆపే ఫిరంగులని కొన్నిచోట్ల అమ్ముతుంటారు. అవి పనిచేస్తాయనడానికి రుజువు లేదు. డబ్బు పోగొట్టుకోవద్దు.

వాతావరణ శాఖ హెచ్చరిక రోజూ వినండి. పసుపు రంగు ఇస్తే కనిపెట్టి ఉండాలి, నారింజ అయితే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అయితే వెంటనే జాగ్రత్త పడాలి. పిడుగుల సంగతి దామిని యాప్‌లో తెలుస్తుంది.

హెచ్చరిక ఉన్న రోజున కళ్లంలోని ధాన్యం, మిర్చి, పసుపు మధ్యాహ్నానికే కుప్ప చేసి టార్పాలిన్ కప్పండి. పక్వానికి వచ్చిన మామిడి కాయను ముందే కోసుకోండి.

ఉరుము వినపడితే చెట్టు కిందకు పోవద్దు. మోటారు, ఇనుప కంచె దగ్గర నిలబడవద్దు. పక్కా ఇంట్లోకి వెళ్లండి. పశువులను చెట్టుకు కట్టేయకండి.

వాన వెలిశాక చేలో నీరు తీసేయండి. రాలిన కాయను మంచి కాయతో కలపకుండా వేరుగా అమ్ముకోండి. విరిగిన కొమ్మలు కోసి, గాయాలకు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేయాలి. కోతకు దగ్గరగా ఉన్న కాయల మీద మందు పడనివ్వకండి. నిలబడ్డ మొక్కజొన్న తేరుకోవడానికి లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి చల్లాలి.

పంట తొలగించక ముందే ఫొటోలు తీసి వ్యవసాయ విస్తరణ అధికారికి తెలియజేయండి. విపత్తు సహాయ నిబంధనల ప్రకారం 33 శాతం, అంతకు మించి నష్టపోయిన పంటనే లెక్కలోకి తీసుకుంటారు. లెక్క రాసేటప్పుడు మీరు చేలోనే ఉండి, మీ సర్వే నంబరు, విస్తీర్ణం సరిగా రాశారో లేదో చూసుకోండి.