నూరు మీద పోతుంటే సైడ్ ఎందుకివ్వాలి?

ప్రశ్న: హైదరాబాద్-విజయవాడ హైవే మీద తరచూ కారులో తిరుగుతుంటాను. కారుకు పరిమితి 100 కాబట్టి కుడి లేన్‌లో సరిగ్గా 100 మీదే పోతాను. అయినా వెనక నుంచి ఎవడో ఒకడు బంపర్ ఆనించినంత దగ్గరికి వచ్చి, హైబీమ్ కొడుతూ, హారన్ మోగిస్తూ ప్రాణం తీస్తాడు. చట్టం ప్రకారం పోయేది నేను. చట్టం తప్పేవాడికి నేనెందుకు సైడ్ ఇవ్వాలి? - ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఇవ్వాలి. హైవే ఎక్కే మర్యాదస్తుల్లో చాలామందికి ఈ కోపం ఉంది, అందుకే దీనికి కాస్త వివరంగా జవాబు చెబుతాను. స్పీడు విషయంలో మీరు కరెక్టు, లేన్ విషయంలో కాదు. డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు గరిష్ఠంగా 100 అన్నది కేంద్రం 2018లో పెట్టిన పరిమితి. దారిలో బోర్డు మీద అంతకన్నా తక్కువ రాసి ఉంటే ఆ బోర్డే లెక్క. వీలైనంత ఎడమ పక్కగా నడపాలి, మన దిశలోనే వెనక నుంచి వచ్చే బండ్లను కుడి నుంచి పోనివ్వాలి అన్నది ఇంకో రూలు. ఇది 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. మొదటిది పాటించినంత మాత్రాన రెండోది మాఫీ కాదు. కుడి లేన్ ముందున్న బండిని దాటడానికి వాడుకునే జాగా. చేబదులు తీసుకున్నట్టు తీసుకుని, పని కాగానే తిరిగిచ్చేయాలి. 60 మీద పోయే లారీని దాటడానికి మీరు కుడికి రావడం పూర్తిగా న్యాయం. దాటేశాక ఎడమ పక్కన అరకిలోమీటరు ఖాళీగా కనిపిస్తున్నా కుడిలోనే ఉండిపోతే, మీటరు ఎంత చూపించినా మీరు దారికి అడ్డంగా ఉన్నట్టే.

తప్పుకుంటే వాడి అతివేగానికి ఊతమిచ్చినట్టు కాదా అని మీరు అడగొచ్చు. కాదు. అతని వేగానికి అతను బాధ్యుడు. స్పీడ్ గన్ పట్టుకున్న పోలీసుకు అతన్ని ఆపే అధికారం ఉంది, మీకు లేదు. పైగా మీరు ఆపినా అతను ఆగడు. తర్వాత జరిగేది ఏ హైవే మీదైనా చూడొచ్చు. కుడిలో మీరు 100 మీద ఉన్నారు, ఎడమ లేన్‌లో కాస్త ముందు ఒక లారీ 60 మీద పోతోంది. వెనకవాడు ఓపిక చచ్చి ఎడమకు కోసి 120 అందుకుంటాడు. లారీకీ అతనికీ మధ్య వేగంలో తేడా గంటకు 60 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. లారీ నూరు మీటర్ల దూరంలో ఉంటే అతని చేతిలో ఉన్నది ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో మిమ్మల్ని దాటాలి, మీ ముందుకు కట్ కొట్టాలి. ఆ లారీకి ముందు ఒక టీవీఎస్ మీద భార్యాభర్తలు పోతున్నారో, సర్వీస్ రోడ్డు నుంచి ఒక ఆటో ఎక్కుతోందో అతనికి కనిపించదు. మీరు పంతం పట్టింది అతనితో, ఆపద వచ్చింది ఆ బైకు వాళ్లకి. మీరు ఎడమకు జరిగి ఉంటే అతను కుడి నుంచి పోయేవాడు, అంతటితో తీరిపోయేది.

దీనికి ఎదురు వచ్చే వాదనల్లో బలమైనది ఒకటుంది. మన హైవేల్లో ఎడమ లేన్ అసలు నడపడానికి పనికొస్తుందా? పార్కింగ్ లైటు కూడా వేయకుండా ఆపేసిన లారీ, దాబా ముందు అడ్డదిడ్డంగా నిలిపిన టిప్పర్లు, యూటర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉందని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, కోతల కాలంలో సగం లేన్ మీద ఆరబోసిన వడ్లు, అన్నీ అక్కడే. ఈ మాట నిజం. దీన్ని కాదనేవాళ్లు ఈ రోడ్ల మీద నడపనివాళ్లే. కాబట్టి ప్రతి చిన్న సందులోకీ దూరి మళ్లీ బయటికి రమ్మని నేననను. అలా పాములా మెలికలు తిరగడం ఇంకా ప్రమాదం. ఎడమ పక్కన తర్వాతి బండి కొద్ది సెకన్లలోనే తగిలేటట్టు ఉంటే కుడిలోనే ఉండి దాన్నీ దాటండి. ఖాళీ నిజంగా కనిపిస్తే ఇండికేటర్ వేసి జరగండి. ఎడమ లేన్ భయపెట్టేంత చెడ్డగా ఉన్నచోట చేయాల్సిన పని వేగం తగ్గించుకోవడం. రాత్రిపూట ఇది మరీ ముఖ్యం. డిమ్ లైటు వెలుగు పడినంత మేరలో బండి ఆగలేకపోతే, ఆ చీకట్లో ఆగి ఉన్న లారీ ఏ లేన్‌లో ఉన్నా ఒకటే.

ఇక్కడే నేను ఎప్పుడూ పట్టుబట్టే సంగతికి వస్తాను. రోడ్డు మీద మనం స్పీడు గురించి మాట్లాడుకున్నంతగా దూరం గురించి మాట్లాడుకోం. ముందు బండికీ మనకీ మధ్య ఎంత ఖాళీ ఉంది అన్నదే బతికించేదీ చంపేదీ. లెక్క చూడండి. 100 మీద పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ముందు ఏదో అడ్డం వచ్చిందని కన్ను పట్టి, కాలు బ్రేకు మీద పడడానికి సెకనున్నర పడుతుంది అనుకుంటే, బ్రేకు పడక ముందే 42 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం 97. అదే 80 మీద అయితే మొత్తం 69 మీటర్లలో ఆగుతుంది. ఇప్పుడు 69 మీటర్ల దూరంలో ఒక గేదె రోడ్డుకు అడ్డం వచ్చిందనుకోండి. 80 మీద వచ్చిన కారు దాని ముందు ఆగిపోతుంది. 100 మీద వచ్చిన కారు డ్రైవరు అదే చోట గేదెను చూసి, అదే సెకనున్నరలో బ్రేకు తొక్కినా, కారు ఇంకా 70కి పైగా వేగంతో దాన్ని గుద్దుతుంది. మీటరు మీద తేడా 20, తగిలే దెబ్బలో తేడా 70. మన కళ్లకు ఇది అందదు కాబట్టే లెక్క వేసుకోవాలి. ముందు బండి ఒక స్తంభాన్ని దాటిన తర్వాత మనం అదే స్తంభాన్ని చేరడానికి కనీసం మూడు సెకన్లు పట్టాలి. 100 మీద అది 83 మీటర్లు. వానలో ఇంకా ఎక్కువ. మీ బంపర్‌కు అయిదు మీటర్ల దూరంలో వేలాడే ఆ మనిషికి ఉన్నది రెప్పపాటు కాలం. అంత తక్కువ వ్యవధిలో ఏ మనిషీ బ్రేకు తొక్కలేడు. అతను తప్పు చేస్తున్నాడు, పెద్ద తప్పే. లైట్లు కొట్టి దారి తెచ్చుకునే అలవాటున్న పాఠకులు కూడా ఈ జవాబు చదువుతుంటారు. ఒక్కసారి డిప్పర్ కొట్టి, దూరంగా ఉండి, ముందున్నవాళ్లు వీలు చూసుకుని జరిగేదాకా ఆగడం మీ పని.

అలాంటివాడు వెనక పడినప్పుడు, ఎడమకు జరగడానికి వెంటనే వీల్లేకపోతే, బుద్ధి చెప్పాలని బ్రేకు తట్టకండి. అతన్ని వదిలించుకోవాలని స్పీడూ పెంచకండి. యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా తేలిక చేసి మీ ముందున్న ఖాళీని పెంచుకోండి. ముందు ఏదైనా జరిగితే మీరు మెల్లగా ఆగే వీలుంటుంది, వెనకవాడికీ ఆగే టైము దొరుకుతుంది. సందు దొరకగానే తప్పుకోండి.

అసలు ప్రమాదం వేగం వల్ల కాదు, వేగాల్లో తేడా వల్ల అని, జర్మనీలో పరిమితే లేదని వాదించేవాళ్లున్నారు. తేడా ప్రమాదకరమే, ఒప్పుకుంటాను. కానీ ఆ జర్మనీలో పరిమితి లేని రోడ్ల మీద సైకిలు, మోపెడ్, మనిషి ఎవరూ అడుగు పెట్టరు. అక్కడ బండ్లు కుడి పక్క నడుస్తాయి, దాటాల్సింది ఎడమ నుంచే. కుడి నుంచి దాటడం నేరం, పని లేకుండా ఎడమ లేన్‌లో కూర్చోవడమూ నేరమే. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ఆ లేన్ కట్టుబాటు. మన సంగతి 2022 లెక్కలు చెబుతున్నాయి. ఆ ఏడు దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చిల్లర మాత్రమే, చావుల్లో 36 శాతం వాటి మీదే. 71 శాతం చావులకు కారణం అతివేగం అని రాసి ఉంది. పోలీసు రిపోర్టులో ఏ కారణం తోచకపోయినా అతివేగం అని రాసే అలవాటు కొంత ఉంటుందని, ఆ అంకెను తగ్గించి చూడాలని అనుకున్నా, సగానికి కోసినా ఎన్ని వేల ఇళ్లో చూడండి. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పోలీసుల రాతతో దానికి సంబంధం లేదు.

ప్రశ్న: లారీల వాళ్లు కుడి లేన్ వదలనే వదలరు. వాళ్లని ఎవరూ అడగరా? - ఒంగోలు నుంచి

జవాబు: అడగాలి. అయితే వాళ్లు అక్కడెందుకు ఉంటారో కూడా తెలుసుకోవాలి. నిండు లోడు మీద ఉన్న లారీ ఎడమ పక్కన ఆటో కోసం ఒకసారి ఆగితే, మళ్లీ వేగం అందుకోవడానికి గేర్ మీద గేర్ మార్చాలి, డీజిలు తగలెయ్యాలి. కుడిలో ఆ బాధ లేదు. పైన చెప్పిన అడ్డంకులన్నీ వాళ్లకూ ఉన్నాయి, మనకన్నా ఎక్కువగా ఉన్నాయి. క్షమించరానిది మరొకటి. 68 మీద పోయే లారీని 70 మీద పోయే లారీ దాటబోవడం. రెండు బండ్ల పొడవు, ముందూ వెనకా ఖాళీ కలిపి 60 మీటర్లు ఎక్కువ పోవాలంటే, ఆ రెండు కిలోమీటర్ల తేడాతో దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. అంతసేపూ రెండు లేన్లూ మూసుకుపోతాయి, రెండు కిలోమీటర్ల పొడవునా వెనక కార్లు పోగవుతాయి, ఆ గుంపులోంచే ఓపిక లేనివాళ్లు పుడతారు. ఇలాంటప్పుడు ఎడమనున్న డ్రైవరు కాసేపు కాలు తీస్తే అర నిమిషంలో అయిపోతుంది. మిగతాది రోడ్డు వేసేవాళ్ల పని. లారీలు ఆగడానికి సరైన చోటు, ఊరి దగ్గర అండర్‌పాస్, తెగిపోకుండా సాగే సర్వీస్ రోడ్డు ఉంటే ఎడమ లేన్ నడపదగ్గదవుతుంది. రోడ్డు మీద ఆగిపోయిన లారీ కనిపిస్తే 1033కి ఫోన్ చేయండి. జాతీయ రహదారుల మీద ఆ నంబరు ఉన్నది అందుకే.

ప్రశ్న: జోరు వానలో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం మంచిదేనా? - ఖమ్మం నుంచి

జవాబు: వద్దు. అది బండి ఆగిందని చెప్పే గుర్తు, పైగా మీరు ఏ పక్కకు తిరుగుతున్నారో ఎవరికీ తెలియకుండా పోతుంది. హెడ్‌లైట్లు వేసుకోండి, వేగం తగ్గించండి.

ప్రశ్న: మావారు నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లేటప్పుడు 130 తగ్గరు. వెనక పిల్లలుంటారు. ఏమన్నా అంటే కారులో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, బండి నా కంట్రోల్‌లో ఉంది అంటారు. ఎలా చెప్పాలి? - ఒక ఇల్లాలు

జవాబు: కదిలే కారులో చెప్పకండమ్మా, గొడవ స్టీరింగ్ మీదికి పోతుంది. బయల్దేరే ముందు కాగితం మీద లెక్క వేసి చూపించండి. ఒంగోలు సుమారు 125 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా 100 మీద పోతే 75 నిమిషాలు, 130 మీద పోతే 58. మొత్తం మీద మిగిలేది 17 నిమిషాలు, అదీ టోల్ గేటూ ఊళ్లూ లారీలూ లేని లోకంలో. నిజం రోడ్డు మీద అందులో సగం కూడా మిగలదు. ఆ కొద్ది నిమిషాల కోసం పెంచుకుంటున్న దెబ్బ ఎంత? 100 మీద కన్నా 130 మీద కారులో ఉండే శక్తి దాదాపు 70 శాతం ఎక్కువ. బెల్టు, బ్యాగు, కారు ముక్కు కలిసి ఆ శక్తినంతా మింగాలి. మింగలేనిది పిల్లల మీద పడుతుంది. కంట్రోల్ ఉన్నది మీవారి చేతిలో ఉన్న కారు మీద మాత్రమే, రోడ్డు పక్క నుంచి వచ్చే బైకు మీద లేదు. 2019 నుంచి తయారైన కార్లు 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా బీప్ అంటాయి. దాన్ని ఆపించేసి ఉంటే మళ్లీ పెట్టించండి. పిల్లలు వెనక సీట్లో బెల్టు పెట్టుకోనిదే కారు కదలకూడదని మీరు పట్టుబట్టండి. ఇది మాత్రం వాదనకు వదలొద్దు.

ప్రశ్న: ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 ఇచ్చి, హైవే మీద 100 అనడం ఏం న్యాయం? టోల్ రెండు చోట్లా కడుతున్నాం కదా. - ఉప్పల్ నుంచి

జవాబు: టోల్ వేగానికి కట్టే డబ్బు కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ మీదికి ఇంటర్‌చేంజ్ దగ్గర తప్ప ఎవరూ ఎక్కలేరు, బైకులు లేవు, నడిచేవాళ్లు లేరు, ఊళ్లకు తెరుచుకున్న డివైడర్ లేదు. 2023లో పెంచిన 120 కూడా కుడి పక్క రెండు లేన్లకే. పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ రోడ్డు ఎక్కేటప్పుడు ఒక జాగ్రత్త. 120కి అలవాటు పడ్డ కంటికి 100 కూడా 70లా అనిపిస్తుంది. మొదటి పది కిలోమీటర్లు మీ అంచనాను నమ్మకండి, మీటరు చూస్తూ నడపండి.