పేరులో ‘నానో’ ఉంటే చాలదు

ఇంటర్ ఫలితాలు రాగానే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నల్లో ఈమధ్య ఇదొకటి చేరింది: ‘నానోటెక్నాలజీ బీటెక్‌కు మంచి ఫ్యూచరట కదా, అప్పుచేసైనా చేర్పించమంటారా?’ వద్దంటాను. ఎందుకో చెప్పడానికి ఒక పారాసెటమాల్ బిళ్ల చాలు.

జ్వరానికీ నొప్పులకీ వేసుకునే ఈ బిళ్ల మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. మరో నొప్పి మందు డైక్లోఫెనాక్ పశువుల కళేబరాల ద్వారా చేరి మన రాబందులను దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. రక్తంలో, నీళ్లలో ఈ మందులు ఎంతున్నాయో చెప్పే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఖరీదైనది. అందుకే చౌకగా, చప్పున కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ల కోసం ఇన్ని పరిశోధనలు.

కార్బన్ ఎలక్ట్రోడ్‌కు తగిన వోల్టేజి ఇస్తే పారాసెటమాల్ అణువు రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు వదులుతుంది. అప్పుడు పుట్టే కరెంటును బట్టి మందు ఎంతుందో లెక్కకడతారు. ఎలక్ట్రోడ్‌కు గ్రాఫీన్, కార్బన్ నానోట్యూబులు, బంగారు నానోకణాల పూత వేస్తే సిగ్నల్ బలపడుతుంది. ‘నానో’ పని అంతవరకే. అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. రక్తంలోని యూరిక్ ఆమ్లం, విటమిన్ సి కూడా కరెంటు పుట్టిస్తాయి. వాటిలోంచి మందు సిగ్నల్‌ను విడదీయాలంటే కావలసింది గట్టి కెమిస్ట్రీ, గణాంకాలు, ఓపిక. ఈ మూడూ డిగ్రీ పేరుతో రావు.

‘ఇంజినీరింగ్ సీటు రానివాళ్లే బీఎస్సీకి’ అనే మాట ఇక మానండి. నా ఓటు బీఎస్సీ కెమిస్ట్రీకే. ఇంటర్ సైన్స్ చదివితే చాలు. ఆపై ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీ, తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ లేదా గేట్. పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఎలక్ట్రోకెమిస్ట్రీకే అంకితమైన జాతీయ సంస్థ సెక్రి తమిళనాడులోని కారైకుడిలో ఉంది. మన హైదరాబాద్‌లో ఐఐసీటీ, ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలు, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి.

అయితే వల వేసేవాళ్లూ ఉన్నారు. వారాంతపు ‘నానో సర్టిఫికెట్’ కోర్సులకు వేలు పోయకండి. ఎలక్ట్రోడ్ ముట్టుకోనివ్వని కోర్సుతో ల్యాబ్ పని రాదు. రెడీమేడ్ ప్రాజెక్టు కొన్న విద్యార్థి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నళ్లలో పేపరు వేయించుకుంటే బయోడేటాకు అదే మచ్చ.

ఇంకో నిజం కూడా వినండి. నొప్పి మందుల సెన్సర్ల మీద పేపర్లు కుప్పలుగా వస్తున్నాయి, మార్కెట్‌కు చేరినవి అరుదు. ఇంటింటికీ చేరిన ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ అంటే షుగర్ చూసుకునే గ్లూకోమీటరే. కాబట్టి పీహెచ్‌డీ అవగానే కంపెనీ పెట్టేస్తారని లెక్కలు వేయకండి. ఎమ్మెస్సీలోనే హెచ్‌పీఎల్‌సీ మీద కూడా పట్టు సాధిస్తే ఫార్మా క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల దారి తెరిచే ఉంటుంది.

ఫీజు కట్టేముందు మీ పిల్లల్ని ఒక్కటి అడగండి: ప్రయోగం విఫలమైతే మళ్లీ చేయాలనిపిస్తుందా, విసుగొస్తుందా? విసుగంటే వదిలేయండి, వాళ్లకు నచ్చిన దారి వేరే ఉంటుంది. చేయాలనిపిస్తుందంటే మంచి ల్యాబున్న కాలేజీ వెతకండి. కోర్సు పేరు చూసి మాత్రం డబ్బు కట్టకండి.