నానాజాతి సమితి ఎందుకు నిలబడలేదు?



మా సోషల్ టీచర్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పాత అట్లాసు కొని తెచ్చారు. అందులో ఆఫ్రికా పటంలో అబిసీనియా అనే దేశం ఉంది. మన పుస్తకంలో ఆ పేరు లేదు. అడిగితే టీచర్, "అదే ఇప్పటి ఇథియోపియా. దాన్ని కాపాడతామని మాట ఇచ్చిన దేశాలు యాభైకి పైగా ఉన్నాయి. అయినా కాపాడలేదు. ఎందుకో చదివి గోడపత్రికకు రాయి" అన్నారు. నేను చదివింది, నాకు అర్థమైంది రాస్తున్నాను.

సమితి ఎట్లా పుట్టింది?

మొదటి ప్రపంచ యుద్ధం 1914 నుండి 1918 వరకు జరిగింది. దాదాపు కోటి మంది సైనికులు చనిపోయారు. ఇక యుద్ధాలు వద్దని 1920 జనవరి 10న నానాజాతి సమితి మొదలైంది. దాని ఆఫీసు స్విట్జర్లాండులోని జెనీవాలో ఉండేది. ఒక సభ్యదేశం మీద దాడి జరిగితే అందరి మీద జరిగినట్టే అనుకోవాలి, దాడి చేసిన దేశంతో అందరూ వ్యాపారం ఆపెయ్యాలి. ఇదీ ఒప్పందం.

మన దేశం అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్నా సమితిలో సభ్యదేశమే. మన తరఫున ఎవరు పోవాలో బ్రిటిష్ ప్రభుత్వమే నిర్ణయించేది. 1928లో మన తెలుగువారు కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు జెనీవాకు వెళ్ళారు. అయితే అక్కడ ప్రభుత్వాలకే కుర్చీలు ఉండేవి, ప్రజలకు లేవు. మా ఆదిలాబాద్ అడవిలో జల్, జంగల్, జమీన్ కోసం పోరాడిన కొమురం భీమును 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు కాల్చి చంపారు. అటువంటి వాళ్ళ మొర వినే తలుపు ఆ సమితికి లేదు.

మొదట్లో పని చేసింది

1925లో గ్రీసు సైన్యం బల్గేరియాలోకి చొరబడింది. సమితి ఆపమంటే గ్రీసు వెనక్కి పోయింది, నష్టపరిహారం కూడా కట్టింది. అవి చిన్న దేశాలు. పైగా అది కొంచెం మంచి కాలం.

తర్వాత కరువు కాలం వచ్చింది

1929 అక్టోబరులో అమెరికాలోని న్యూయార్క్‌లో షేర్ల ధరలు కుప్పకూలాయి. బ్యాంకులు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. దీన్నే ఆర్థిక మాంద్యం అంటారు. అది మన దాకా కూడా వచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాలో వడ్ల ధర సుమారు సగానికి పడిపోయింది, శిస్తు మాత్రం కట్టాల్సిందే. అప్పుల్లో మునిగిన రైతులను ఎన్.జి. రంగా గారు సంఘాలుగా కూడగట్టారు.

జర్మనీలో 1932 నాటికి సుమారు 60 లక్షల మందికి పని లేదు. ఆ కోపాన్ని హిట్లర్ వాడుకున్నాడు. 1928లో 12 సీట్లు ఉన్న అతని పార్టీకి 1932 జులైలో 230 వచ్చాయి. 1933లో అతను అధికారంలోకి వచ్చి జర్మనీని సమితి నుండి బయటకు తీసుకుపోయాడు.

జపాన్ పట్టును అమెరికా కొనడం తగ్గించింది. జపాన్ పల్లెల్లో ఆకలి మొదలైంది. "పక్కన మంచూరియాలో భూమి ఉంది, బొగ్గు ఉంది" అని సైన్యం 1931 సెప్టెంబరులో చైనా నుండి దాన్ని లాక్కుంది. సమితి విచారణ కమిటీని వేసింది. రిపోర్టు రావడానికే ఏడాది పట్టింది. 1933 ఫిబ్రవరిలో 42 దేశాలు జపాన్‌ది తప్పన్నాయి. కాదన్నది జపాన్ ఒక్కటే. అది సమితి వదిలి పోయింది, మంచూరియాను మాత్రం వదలలేదు.

1935 అక్టోబరులో ఇటలీ అబిసీనియా మీద పడింది. ఇటలీతో కొన్ని వ్యాపారాలు ఆపారు గాని నూనె, బొగ్గు ఆపలేదు. బ్రిటన్, ఫ్రాన్స్ చేతిలో ఉన్న సూయజ్ కాలువను మూయలేదు. మా వ్యాపారం పోతుందని కొందరు, ఇటలీ పోయి హిట్లర్‌తో కలుస్తుందని కొందరు భయపడ్డారు. అమెరికా మొదటి నుంచీ సమితిలో చేరనే లేదు కాబట్టి, మనం నూనె ఆపినా అది అమ్ముతుందన్నారు. 1936 మే నెలలో రాజధాని అడిస్ అబాబా పడిపోయింది. జూన్‌లో చక్రవర్తి హైలీ సెలాసీ స్వయంగా జెనీవాకు వచ్చి న్యాయం అడిగాడు. జులైలో ఇటలీ మీద ఉన్న ఆ కాస్త ఆంక్షలు కూడా ఎత్తేశారు.

నాకు ఎట్లా అర్థమైంది?

ఇదంతా చదివినా, అంతమంది కలిసి ఒక్కరిని ఎందుకు ఆపలేకపోయారో నాకు మొదట తెలియలేదు. తర్వాత మా గూడెం గుర్తొచ్చింది.

బయటివాళ్ళకు భూమి కౌలుకు ఇయ్యొద్దని మా పెద్దలు పెర్సాపేన్ ముందు మాట ఇచ్చుకున్నారు. 1970 నాటి 1/70 చట్టం కూడా అదే చెబుతుంది. పత్తి ధర పడిపోయిన ఏడాది ఒక ఇంటివాళ్ళు అప్పు తీర్చడానికి రెండెకరాలు ఇచ్చారు. అందరూ తప్పన్నారు. కాని "మరి మా అప్పు మీరు కడతారా?" అని వాళ్ళు అడిగితే ఎవరూ మాట్లాడలేదు. అందరింట్లో అదే బాధ. తర్వాత ఇంకో ఇల్లు, ఆ తర్వాత మా ఇల్లు. మా తాత నాతో, "మాట తప్పినం బిడ్డా. ఒక్కొక్కరం విడివిడిగ తప్పినం" అన్నాడు. మా నాలుగెకరాలు ఇప్పటికీ తిరిగి రాలేదు.

సమితిలో జరిగింది కూడా ఇదే అని నేను అనుకుంటున్నాను. తప్పు అని చెప్పడానికి 42 దేశాలు వచ్చాయి. కాని ఎదుటివాడి కోసం తన నష్టం భరించడానికి ఎవరూ రాలేదు. కడుపు నిండిన రోజు ఇచ్చిన మాట ఆకలి రోజు నిలవాలంటే, నష్టాన్ని పంచుకునే ఏర్పాటు ముందే ఉండాలి. సమితికి సొంత సైన్యం లేదు, ఆ ఏర్పాటు ఒప్పందంలో రాసి ఉన్నా సరిగా నడవలేదు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1946 ఏప్రిల్‌లో సమితిని మూసేశారు.

1945లో పుట్టిన ఐక్యరాజ్య సమితిలో భద్రతా మండలితో పాటు ఆర్థిక, సామాజిక మండలి కూడా పెట్టారు. మా గూడెంలో ఇప్పుడు అమ్మవాళ్ళు పంట రాగానే ఇంటికి ఇన్ని అని జొన్నలు ఒకచోట పోస్తున్నారు. కష్టం వచ్చిన ఇంటికి అందులో నుంచి ఇస్తారు. పోయినసారి రెండు ఇళ్ళు భూమి ఇయ్యకుండా ఆగినయి.

చదివినవాళ్ళు జవాబులు రాసి పత్రిక కింద అంటించండి:

1. గ్రీసు ఎందుకు ఆగింది, ఇటలీ ఎందుకు ఆగలేదు?
2. ఇటలీకి నూనె ఆపి ఉంటే ఎవరెవరికి నష్టం వచ్చేది?
3. మీ ఊళ్ళో కరువు ఏడాదిలో నిలిచిన మాట ఏదైనా ఉందా? అది ఎట్లా నిలిచింది?

– తొమ్మిదో తరగతి విద్యార్థిని