గిరగిరా తిరిగే ఎలుక, ఒక వినికిడి జన్యువు

కారెన్ స్టీల్ ఎవరంటే పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడతారు. ఆమె బ్రిటన్ జన్యు శాస్త్రవేత్త. ఎలుక చెవే ఆమె ప్రయోగశాల.

షేకర్-1 రకం ఎలుక బోనులో తల ఊపుతూ గిరగిరా తిరుగుతుంది. పక్కనే చప్పట్లు కొట్టినా చెవి కదపదు. వినికిడి, శరీర సమతాస్థితి రెండూ లోపలి చెవిలోని రోమకణాల పనే కాబట్టి రెండూ దెబ్బతిన్నాయి. లోపం మయోసిన్-7ఏ జన్యువులో ఉందని స్టీల్, స్టీవ్ బ్రౌన్ తదితరులు 1995లో తేల్చారు. అదే ఏడాది పారిస్ పాశ్చర్ సంస్థ శాస్త్రవేత్త క్రిస్టీన్ పెటిట్ తదితరులు మనుషుల్లో అషర్ సిండ్రోమ్ 1బీకీ ఇదే జన్యువు మూలమని చూపారు. ఈ సిండ్రోమ్‌లో పుట్టుకతోనే వినికిడి ఉండదు, తర్వాత చూపు క్రమంగా తగ్గుతుంది. ఎలుకకూ మనిషికీ ఒకే జన్యువు, ఎంత అందమైన కలయిక!

పురస్కారాల విషయంలో తికమక పడొద్దు: 2012 బ్రెయిన్ ప్రైజ్ స్టీల్, పెటిట్ ఇద్దరికీ వచ్చింది. 2018 కావ్లీ పురస్కారం పెటిట్‌తో పాటు మరో ఇద్దరు శాస్త్రవేత్తలు హడ్స్‌పెత్, ఫెటిప్లేస్‌లది.

అషర్ అంతర్గత లక్షణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే బిడ్డకు వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. మన దేశంలో పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే పుట్టుకతో వచ్చే లోపాల్లో చెవుడూ ఉంది.